చెరిపేసిన తాళంచెవి

పోయిన వారం భాగంలో పెద్దకోడలిని మనం బస్టాపులో వదిలేసి వచ్చాం. ఒక భుజానికి నొప్పులకు వాడే మిషను, ఇంకో భుజానికి హ్యాండ్‌బ్యాగు, మనసు నిండా తోడికోడలి మీద మంట. పక్షవాతం వచ్చినవాళ్ళకూ మోకాళ్ళు పట్టేసినవాళ్ళకూ ఇళ్ళకు వెళ్ళి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు ఆవిడ. కారు లేకపోతే ఆవిడకు కాళ్ళు లేనట్టే. ఆ కారు తాళంచెవి మూడు వారాల కిందట ఆవిడ బ్యాగులోంచి మాయమైంది. పరుపులు ఎత్తారు, సోఫాలు జరిపారు, చెత్తబుట్టలు బోర్లించారు. దొరకలేదు. సర్వేయరుగా పనిచేసి రిటైరైన మామగారు, "పోగొట్టినవాళ్ళే చేయించుకోవాలి" అని హద్దురాయి పాతినట్టు తేల్చేశారు. చిన్నకోడలు భోజనాల బల్ల దగ్గర "అక్కయ్య బ్యాగులో ఏనుగుని పెట్టినా మళ్ళీ కనబడదు" అని అందరినీ నవ్వించింది. రెండో తాళంచెవి చిన్నకోడలిది. కాబట్టి కారు కూడా ఆమెదే అయిపోయింది. ఎప్పుడు అడిగినా "అయ్యో, నాకు షాపుకి టైమవుతోందక్కా" అనేది. తలూపి బస్సెక్కడం పెద్దకోడలి వంతైంది.

ఆ బస్సు ఇప్పుడు షోరూము ఎదురుగా ఆగింది.

ఎండ వాలుతోంది. గాజు తలుపు తోసుకుని పెద్దకోడలు లోపలికి అడుగు పెట్టేసరికి, చిన్నకోడలు అప్పటికే సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంది. పొడుగు మనిషి. కళ్ళద్దాల షాపులో వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్షించే ఉద్యోగం. ఎవరినైనా సరే పైనుంచి కిందికి చూసే అలవాటు ఆమెకు ఉద్యోగం వల్ల వచ్చిందా, ఎత్తు వల్ల వచ్చిందా అని పెద్దకోడలికి ఎప్పుడూ అనుమానమే.

"వచ్చారా? నేను పర్మిషన్ పెట్టి మరీ వచ్చి కూర్చున్నానక్కా. ఇంకా రారేంటా అని చూస్తున్నా" అంది చిన్నకోడలు.

"నా కారులో నువ్వొచ్చావు. బస్సులో నేనొచ్చాను. ఎవరు ముందొస్తారు మరి?"

"కారు ఒక్కరిదా అక్కా? మామయ్యగారు అందరికీ అనే కదా కొనిపించారు."

"వాయిదాలు కట్టేటప్పుడు ఆ అందరూ ఎక్కడికి పోయారో!"

సర్వీసు అడ్వైజరు టై సర్దుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. లేకపోతే ఆ సంభాషణ ఎక్కడ తేలేదో.

"మేడమ్, ఈసారి అన్నీ తెచ్చారు కదా?" అన్నాడు, నవ్వు అతికించుకుని.

'ఈసారి' అన్న మాటకు పెద్దకోడలి ఒళ్ళు మండింది. ఈ తాళంచెవి కోసం ఆవిడ తిరగని చోటు లేదు. మొదట వీధి చివర తాళాలు బాగుచేసే మనిషి దగ్గరికి వెళ్ళింది. అతను ఫోటో చూసి దణ్ణం పెట్టేశాడు. "అమ్మా, దీనికి పళ్ళు కోస్తే సరిపోదు, బుర్ర పెట్టాలి. ఆ పని కంపెనీవాళ్ళదే" అన్నాడు. కంపెనీవాళ్ళ దగ్గరికి వస్తే బండి కాగితాలు కావాలన్నారు. తెచ్చింది. కాగితాల్లో ఉన్న మనిషి మీరే అని రుజువు కావాలన్నారు. తెచ్చింది. తాళంచెవి పోయినట్టు పోలీసు స్టేషన్ నుంచి కాగితం కావాలన్నారు. స్టేషన్లో కానిస్టేబులు, "కారుందిగా? తాళమేగా పోయింది? దానికింత ఏడుపెందుకమ్మా!" అని నవ్వాడు. ఆ నవ్వుని కూడా భరించి కాగితం తెచ్చింది. అప్పుడు డబ్బంతా ముందే కట్టమన్నారు. వాళ్ళు చెప్పిన అంకె విని ఆవిడ పక్కనున్న కుర్చీ పట్టుకుంది. ఆవిడ మొట్టమొదటి స్కూటరు అంతకంటే చవగ్గా వచ్చింది.

"ఇంతా చేసి వేలెడు ప్లాస్టిక్ ముక్కకా?" అంది ఆ రోజు.

"ముక్కకు కాదు మేడమ్, సెక్యూరిటీకి" అన్నాడు అడ్వైజరు.

కొత్త తాళంచెవి వచ్చి వారం దాటింది. వస్తే ఏం లాభం? కారునీ, మిగిలిన తాళంచెవినీ తెస్తేనే పని జరుగుతుందట. అది చిన్నకోడలి చేతిలో ఉంది. ఒకరోజు షాపులో స్టాకు లెక్కలన్నది. ఒకరోజు టైరులో గాలి లేదన్నది. మూడోసారి తలనొప్పి అన్నది. చివరికి పెద్దకోడలు మామగారి ముందే నిలదీసింది. ఆయన పేపరు దించి, "రేపు వెళ్ళండి, ఇద్దరూ" అన్నారు. ఆ ఇంట్లో ఆయన మాటకు పై మాట లేదు.

"ఎంతసేపవుతుంది? చీకటి పడేలోపు కారు ఇచ్చేస్తారు కదా?" అని అడిగింది చిన్నకోడలు.

"చూద్దాం మేడమ్. సర్వరు కలవకపోతే రేపటిదాకా ఇక్కడే ఉంచాల్సి వస్తుంది."

"అలా కుదరదు!" ఆమె లేచి నిలబడింది. "రాత్రికి కారు మా సెల్లారులో ఉండాలి."

"దానికేమన్నా నిద్ర పట్టదా అక్కడ లేకపోతే?" అంది పెద్దకోడలు. అంది కానీ, ఆ మాటకు తోడికోడలి ముఖం ఒక్కసారిగా పాలిపోవడం చూసి వింతపడింది. ఎంత మాటన్నా అంతకు రెట్టింపు తిరిగిచ్చే మనిషి, పెదవి బిగించుకుని కిటికీ వైపు తిరిగింది.

లోపల వర్క్‌షాపులో కారు నిలబెట్టి ఉంది. ఇనుము, ఆయిలు, తడి సిమెంటు కలిసిన వాసన. టెక్నీషియన్ బొద్దు మనిషి. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో వైరు. "కీ ఇవ్వండి మేడమ్" అన్నాడు.

"నేను తీస్తాలెండి తలుపు" అంది చిన్నకోడలు చప్పున.

"మీరెందుకండీ, బట్టలకు గ్రీజు అంటుతుంది" అని అతను ఆమె చేతిలోంచి ఎర్ర తోలు కవరులో ఉన్న తాళంచెవిని అందుకున్నాడు. బటన్ నొక్కాడు. తలుపు తీసి, సగం కూర్చున్నాడో లేదో, డ్రైవరు సీటు సన్నగా మూలుగుతూ తనంతట తానే ముందుకు కదిలింది. ముందుకు, ఇంకా ముందుకు, ఆపైన కొంచెం పైకి. టెక్నీషియన్ పొట్ట స్టీరింగుకి ఆనుకుపోయింది.

"అబ్బో! ఎవరండీ ఇంత దగ్గరగా కూర్చుని నడిపేది?" అన్నాడు ఇరుక్కుపోయి నవ్వుతూ.

పెద్దకోడలు నవ్వలేదు. అద్దాలు రెండూ కిందికి వంగాయి. అవీ ఆవిడ కళ్ళ ఎత్తుకి తగ్గట్టుగానే వంగాయి. ఆవిడ పొట్టి మనిషి. స్టీరింగుని ఒళ్ళో పెట్టుకుని నడుపుతుందని ఇంట్లో అందరూ ఏడిపిస్తారు. కారు కొన్న రోజే తన తాళంచెవికి తన సీటు కుదిరేలా పట్టుబట్టి పెట్టించుకుంది. చిన్నకోడలి తాళంచెవితో తలుపు తీస్తే ఆ సీటు వెనక్కి పోవాలి. చివరిదాకా పోవాలి.

"ఇది ఏ కీ?" అంది పెద్దకోడలు.

టెక్నీషియన్ వైరు తగిలించి తెర చూశాడు. "ఒకటో నంబరు మేడమ్."

"నాది ఒకటి. తనది రెండు." ఆవిడ చెయ్యి చాపింది. "ఒకసారి ఇటివ్వండి."

ఎర్ర కవరు గుండీ తీసింది. లోపల తాళంచెవి మూల మీద సన్నటి గీత. పేషెంటు ఇంటి మెట్ల మీద జారి పడినప్పుడు పడిన గీత. కన్నపిల్ల ఒంటి మీద మచ్చని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది.

మూడు వారాల బస్సులు ఆవిడ కళ్ళ ముందు తిరిగాయి. నడవలేని ముసలాయన "మీరు టైముకి రావడం లేదు, ఇంకొకళ్ళని పెట్టుకున్నాం" అని ఫోన్ పెట్టేయడం గుర్తొచ్చింది. భోజనాల బల్ల దగ్గరి నవ్వులూ గుర్తొచ్చాయి.

"ఏనుగుని పెట్టినా కనబడదు, కదూ?" అంది మెల్లగా. "నా బ్యాగులో చెయ్యి పెట్టి నువ్వే తీసి, నీ కవరు తొడిగి, నా ఎదురుగుండా తిప్పుకుంటూ తిరిగావా?"

"అక్కా, పొరపాటున మారిపోయి ఉంటుంది. రెండూ ఒకేలా ఉంటాయి కదా..."

"మారిపోతే నీది నా దగ్గరుండాలి. ఏదీ నీది?"

చిన్నకోడలు గాజు తలుపు వైపు చూసింది.

"అడుగుతున్నది నిన్నే. నీ తాళంచెవి ఏది?"

పక్క కారు కింద పడుకుని పనిచేస్తున్న మెకానిక్కు స్పానరు ఆపి, తల బయటికి పెట్టి చూశాడు. సర్వీసు అడ్వైజరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీ కీ దొరికింది కాబట్టి సంతోషమే. కానీ కొత్తది ఆర్డరు పెట్టాక వెనక్కి తీసుకోవడం ఉండదు. మీ బండి నంబరుకే చేయించాం."

"తీసుకోమని నేనడిగానా? కొత్తది కూడా పెట్టండి."

"అయితే ఒక మాట." టెక్నీషియన్ ల్యాప్‌టాప్ తిప్పాడు. "కొత్త కీని కారుకి నేర్పించేటప్పుడు ఇక్కడ లేని కీలన్నిటినీ కారు మర్చిపోతుంది. ఆ రెండోది ఇప్పుడు తేకపోతే ఇక పనిచెయ్యదు. తలుపు కూడా తెరుచుకోదు. మళ్ళీ కావాలంటే మళ్ళీ డబ్బు కట్టి..."

"మర్చిపోనివ్వండి. ఎవరి దగ్గరుందో తెలియని తాళంచెవితో మా కారు తెరుచుకోకూడదు" అంది పెద్దకోడలు.

"వద్దు!"

చిన్నకోడలు ఒక్క అంగలో వచ్చి వైరు పట్టుకుంది. టెక్నీషియన్ అదిరిపడ్డాడు. "అమ్మా, వైరు లాగొద్దండీ, లాగితే కారు మొత్తం..."

"రెండోది చెరపొద్దు. రేపు తెస్తాను. రేపు చేయించుకుందాం. అక్కా, మీకు దణ్ణం పెడతాను. ఒక్క రోజు."

పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా ఆమె నోట 'దణ్ణం' అన్న మాట పెద్దకోడలు వినడం అదే మొదలు. కానీ ఆ మాట ఆవిడ కోపాన్ని చల్లార్చలేదు సరికదా, ఎగదోసింది.

"ఎవరికిచ్చావు?"

చిన్నకోడలు చుట్టూ చూసింది. మెకానిక్కులు చూస్తున్నారు. గాజు అవతల కాఫీ తాగుతున్న కస్టమర్లు చూస్తున్నారు. ఆమె గొంతు తగ్గించింది.

"ఆయనకి."

ఆ 'ఆయన' ఎవరో ఇంకొకళ్ళకైతే చెప్పాలి. పెద్దకోడలికి అక్కర్లేదు. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు అది. చిన్నకోడలి భర్త, చిన్న మరిది.

"నెల్లాళ్ళ కిందట ప్రెస్సు మూసేశారక్కా. ఉద్యోగం పోయింది. రూము ఖాళీ చేయించారు. చీకటి పడ్డాక మన సెల్లారుకి వచ్చి కారులో పడుకుంటున్నారు. తెల్లారేలోపు వెళ్ళిపోతారు. వాచ్‌మన్‌కి తెలుసు. నా కీ ఆయనకిచ్చేశాను. షాపుకి వెళ్ళడానికి నాకు లేదు. కీ లేదంటే మామయ్యగారు ఏమైందని అడుగుతారు. అందుకని మీది..." ఆమె కళ్ళు తుడుచుకుంది. "చెరిపేస్తే ఆయన రోడ్డు మీద పడుకోవాలి."

జాలి కలగాల్సిన చోట పెద్దకోడలికి హాలులో నేల గుర్తొచ్చింది. ఆ నేల మీద పడి ఉన్న అత్తగారు గుర్తొచ్చారు. గుండె పట్టుకుని కూలిపోయిన అత్తగారి ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కింది ఆవిడే. ఆంబులెన్సు ట్రాఫిక్కులో చిక్కుకుంది. కారు చిన్న మరిది తీసుకెళ్ళాడు. అన్నదమ్ములిద్దరికీ ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేస్తే స్విచాఫ్. చేతులు తిమ్మిరెక్కి, మోచేతులు వణికి, ఇక చాలమ్మా అని మామగారు భుజం పట్టుకుని లాగేదాకా నొక్కుతూనే ఉంది. అంతా అయిపోయాక కారు సెల్లారులోకి వచ్చింది. మరిది దిగాడు. ఎక్కడికి వెళ్ళావురా అని తండ్రి అడిగితే తల దించుకున్నాడు. ఆ సాయంత్రమే ఆయన కొడుకుని గడప దాటించేశారు. కోడలూ మనవడూ మాత్రం ఇంట్లోనే ఉండాలని కట్టడి చేశారు.

"అదే కారులోనా?" అంది పెద్దకోడలు. మాటలు పళ్ళ సందులోంచి వస్తున్నాయి. "ఏ కారు అందక అత్తయ్య ప్రాణం పోయిందో, అదే కారులో కాళ్ళు ముడుచుకుని హాయిగా నిద్రపోతున్నాడా మీ ఆయన? రేపు తెల్లారి లేచి ఆ సీట్లోనే కూర్చోవాలా నేను?"

"అక్కా..."

"నోర్ముయ్. రోడ్డు మీద పడుకోనీ. ఏ పార్కులోనో పడుకోనీ. నాకేం?" ఆవిడ టెక్నీషియన్ వైపు తిరిగింది. "బండి నా పేరు మీద ఉంది. డబ్బు నేను కట్టాను. చెరిపేయండి."

టెక్నీషియన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అడ్వైజరు తలూపాడు. కాగితాల మీద ఉన్న పేరే లెక్క. టెక్నీషియన్ కొత్త తాళంచెవిని స్టీరింగు పక్కన ఆనించి, ఒక మీట నొక్కాడు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం టపటపా కొట్టుకుంది. తరవాత ఆరిపోయింది.

"అయిపోయింది మేడమ్. రెండే కీలు. రెండూ మీవే."

పెద్దకోడలు రెండు తాళంచెవులూ గుప్పిట్లో బిగించింది. గెలిచినట్టే ఉంది. అంత గెలుపూ గుప్పిట్లోనే ఉంది. ఎర్ర కవరుని తీసి తోడికోడలి చేతిలో పెట్టింది.

"ఇది నీది. ఉంచుకో."

చిన్నకోడలు ఆ ఖాళీ కవరుని కాసేపు చూసింది. ఏడుపు ఎక్కడికో పోయింది. తల ఎత్తేసరికి ఆ ముఖంలో బతిమాలే మనిషి లేదు.

"తృప్తిగా ఉందా నీకు?" అంది.

నీకు. పదేళ్ళుగా 'మీరు' తప్ప వేరే మాట పలకని నోరు.

"ఏమన్నావ్?"

"సరిగ్గానే విన్నావు. ఏడాది నుంచి కడుపులో పెట్టుకున్నాను. ఇంక నావల్ల కాదు. ఆ రోజు కారు తీసుకెళ్ళింది మా ఆయన కాదు. మీ ఆయన."

పెద్దకోడలు నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది ఆవిడకు. "బాగుంది. తాళంచెవి దొంగతనం అయిపోయింది, ఇప్పుడు కథలు మొదలుపెట్టావా? ఆ రోజు ఆయన ఆఫీసులో ఉన్నారు. కబురు తెలిసి ఆటోలో వచ్చారు. నా కళ్ళతో చూశాను."

"ఆటో దిగడం చూశావు. ఎక్కడ ఎక్కారో చూశావా? వీధి మలుపు అవతలే కారు ఆపి, మా ఆయన్ని ఫోన్ చేసి పిలిపించారు. 'అమ్మ పోయిందిరా, నాన్నకి తెలిస్తే నన్ను బతకనివ్వడు, నువ్వు చిన్నవాడివి, నీ మీద కోపం రెండు రోజులుంటుంది, కారు నువ్వే తీసుకెళ్ళానని చెప్పు' అన్నారు. అన్నగారి మాట ఈయనకి వేదం. కారెక్కి సెల్లారులోకి తీసుకొచ్చారు. రెండు రోజులన్నది ఏడాదైంది. మీ ఆయన రోజూ రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కుని టీవీ చూస్తున్నారు. మా ఆయన నీ సీటు వెనక్కి జరుపుకుని పడుకుంటున్నారు."

"అబద్ధం."

"ఫోన్ ఉందిగా చేతిలో. అడుగు."

"అడుగుతాను. అడిగాక నీ సంగతి చెబుతాను."

ఆవిడ నీళ్ళతో కార్లు కడిగే చోటుకు వెళ్ళి, గోడ వైపు తిరిగి, భర్తకు ఫోన్ చేసింది. బీమా కంపెనీ ఆఫీసులో ఆయన సీటు దగ్గర ఎప్పుడూ ఉండే గోల వినిపించింది. ఎవరో నవ్వుతున్నారు. ప్రింటరు చప్పుడు చేస్తోంది.

"ఏమండీ, ఒక్క మాట. ఆ రోజు కారు ఎవరి దగ్గరుంది?"

ఏ రోజు అని ఆయన అడగలేదు.

ప్రింటరు ఆగింది. నవ్వులు దూరమయ్యాయి. ఆయన లేచి పక్కకు వెళ్ళినట్టుంది. "ఇప్పుడెందుకా సంగతి? ఎవరేం చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పింది కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను."

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. నువ్వు అనవసరంగా... చిన్నది ఏమైనా వాగిందా? దాని మాటలు పట్టించుకోకు. కారెక్కడుంది? వాడేమైనా వచ్చాడా అక్కడికి?"

ఆవిడ ఫోన్ ఆపేసింది. ఎదురుగా ఒక కుర్రవాడు పైపుతో కారు టాపు కడుగుతున్నాడు. సబ్బు నురుగు ఆవిడ చెప్పుల దాకా వచ్చి ఆగింది. ఆవిడ కదల్లేదు. ఈ మనిషి పక్కనే ఏడాది పడుకుంది. కర్మకాండ రోజుల్లో ఈయన భుజం మీదే తల పెట్టుకుని, మీ తమ్ముడికి పుట్టగతులుండవని తిట్టింది. ఆయన "ఊరుకో" అంటూ వీపు నిమిరారు. ఊరుకో అన్నది ఎందుకో ఇప్పుడర్థమైంది.

ఆవిడ తిరిగొచ్చి కారు తలుపు తీసింది. సీటు ఆవిడ కోసం ముందుకు జరిగే ఉంది.

"ఎక్కు" అంది.

"నేను బస్సులో వస్తా" అంది చిన్నకోడలు.

"ఎక్కమన్నానా! మీ ఆయన సెల్లారుకి ఎప్పుడొస్తాడు?"

"దీపాలు పెట్టేవేళకి వచ్చి పంపు గది వెనక కూర్చుంటారు. కారు రాగానే..." ఆమె మధ్యలో ఆపేసింది. "ఎందుకు? అది కూడా మామయ్యగారికి చెప్పి తరిమిస్తావా?"

పెద్దకోడలు కారు స్టార్టు చేసింది.

దారి పొడవునా ఇద్దరూ ముఖాలు చూసుకోలేదు. ఒకసారి మాత్రం సిగ్నలు దగ్గర పెద్దకోడలు అడిగింది. "ఏడాది ఎందుకు నోరు మూసుకున్నావు?"

"ఆయన ఒట్టు వేయించుకున్నారు. చెబితే అన్నావదినలు విడిపోతారని." చిన్నకోడలు కిటికీలోంచి బయటికే చూస్తూ అంది. "నువ్వు విడిపోయినా కలిసున్నా నాకొకటే. నీ మీద నాకు జాలి లేదు. నా కొడుకు స్కూల్లో నాన్న ఏడని అడిగితే ఊరెళ్ళాడని చెబుతున్నాడు. వాడికి ఆ అబద్ధం నేర్పింది మీ ఆయన."

పెద్దకోడలికీ ఈమె మీద జాలి లేదు. కీ దొంగిలించి నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. కానీ పచ్చదీపం పడగానే ఆవిడ కారుని నేరుగా ఇంటి వైపు తిప్పింది.

కారు సెల్లారులోకి దిగే వాలు మీదికి వచ్చింది. హెడ్‌లైట్లు పంపు గది గోడ మీద పడ్డాయి. అక్కడ ముగ్గురు నిలబడి ఉన్నారు.

చిన్న మరిది చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. చేతిలో తాళంచెవి. అతని చొక్కా కాలరు ఆవిడ భర్త గుప్పిట్లో ఉంది. ఆవిడ ఫోన్ పెట్టేసిన వెంటనే భర్త ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చెమటతో తడిసి ఉన్నాడు. వాళ్ళిద్దరికీ ఎదురుగా, సాయంత్రం నడకకని దిగిన మామగారు, చేతికర్ర నేలకు ఆనించి నిటారుగా ఉన్నారు.

పెద్దకోడలు బ్రేకు తొక్కింది. ఇంజను ఆపి దిగింది. రెండో పక్క తలుపు తీసుకుని చిన్నకోడలు పరుగున దిగి, భర్త దాకా వెళ్ళలేక మధ్యలో ఆగిపోయింది.

"వచ్చావా పెద్దమ్మాయ్?" అన్నారు మామగారు. ఆయన గొంతు ఎప్పుడూ పైకి లేవదు. అందుకే అందరికీ భయం. "వీడు మన కారు తాళంచెవి దొంగిలించి ఇక్కడ నక్కి ఉన్నాడని మీ ఆయన పట్టుకున్నాడు. నీ బ్యాగులోంచి పోయిన తాళంచెవి ఇదేనా? చూసి చెప్పు. నిజమైతే పోలీసులకి అప్పగిస్తాను. కొడుకని చూడను."

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన, తండ్రి వీపు వెనకనుంచి తల ఊపాడు. అవునని చెప్పు, చాలు, మిగతాది నేను చూసుకుంటాను అన్నట్టు. కళ్ళతోనే బతిమాలాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆ చూపుకి ఆవిడ ఏదీ కాదనలేదు.

తమ్ముడి కాలరు ఆయన చేతిలోనే ఉంది. ఏడాది తనకోసం నింద మోసినవాడి కాలరు.

"నా తాళంచెవి నా దగ్గరే ఉంది మామయ్యగారూ" అంది పెద్దకోడలు. గుప్పిలి విప్పి చూపించింది. "అతను ఏదీ దొంగిలించలేదు. ఆ కాలరు వదిలెయ్యమనండి ముందు."

భర్త చెయ్యి సడలింది.

"మరి వీడి చేతిలో..."

"అది తరవాత చెబుతాను. పోలీసులకి ఎప్పుడైనా చెప్పొచ్చు. అంతకంటే ముందు మీ పెద్దబ్బాయిని ఒక మాట అడగండి. అత్తయ్యగారు పోయిన రోజు మన కారు ఎవరి దగ్గరుందో అడగండి. ఫోన్ ఎందుకు ఆపేశారో అడగండి. నేను అడిగితే ఇంటికొచ్చాక చెబుతానన్నారు. ఇదిగో, ఇంటికే వచ్చాం."

మామగారు మెల్లగా, చాలా మెల్లగా పెద్దకొడుకు వైపు తిరిగారు. పెద్దకొడుకు వెనక్కి ఒక అడుగు వేశాడు.

అప్పుడు చిన్న మరిది కదిలాడు. నలిగిన కాలరు సర్దుకుని, అన్నకీ తండ్రికీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. భార్య వైపు చూడలేదు. వదిన వైపు అసలే చూడలేదు.

"వదిన పొరపాటు పడింది నాన్నా" అన్నాడు. "ఆ రోజు కారు తీసుకెళ్ళింది నేనే. ఫోన్ ఆపేసిందీ నేనే. ఎందుకు ఆపేశానో అన్నయ్యకి తెలియదు, వీళ్ళెవరికీ తెలియదు. నా వెనక సీట్లో ఆ రోజు ఇంకొక మనిషి ఉన్నారు."